మామిడి గదిలో బంగాళాదుంపలు

మా ఇంట్లోకి ఎయిర్ ఫ్రైయర్ వచ్చింది నా ముక్కు పోవడం వల్ల. ముక్కు దాని చోట అది ఉంది, జలుబు చేస్తే మునుపటిలాగే కారుతుంది. వాసన ఒక్కటే పోయింది. ఈ సంగతి ఎవరికైనా చెబితే నవ్వుతారేమోనని చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

చలికాలంలో జ్వరం వచ్చి నాలుగు రోజులు పడుకున్నాను. తగ్గిన రోజు పొద్దున్నే కాఫీ నోట్లో పోసుకుని, వేడినీళ్లలో ఏదో చేదు కలిపి ఇచ్చావని మా ఆవిడ మీద కేకలేశాను. ఆవిడ అదే గ్లాసులోంచి ఒక గుక్క తాగి చూసి, "బాగానే ఉంది కదండీ" అంది. నా మొహంలోకి అనుమానంగా చూసి, వంటింట్లోకి వెళ్లి ఇంగువ డబ్బా తెచ్చి మూత తీసి నా ముక్కు కింద పెట్టింది. ఏమీ తెలియలేదు. తర్వాత కరివేపాకు నలిపి పెట్టింది, వెల్లుల్లి చిదిపి పెట్టింది. ప్రతిదానికీ నేను తల అడ్డంగా ఊపుతూ ఉంటే ఆవిడ ఇంకో డబ్బా తెచ్చి మూత తీసేది. ఇద్దరం వంటింటి గడప దగ్గర ఆ డబ్బాలన్నీ ముందేసుకుని కూర్చున్నాం.

ఇంకెవరికైనా ఇది చిన్న జబ్బే. నేను నూజివీడులో మామిడి వ్యాపారిని. మా నాన్న చేసిందీ ఇదే. ముసునూరు వైపు తోటల్లో కాపు కొంటాను. సరుకులో ఎక్కువ భాగం పచ్చికాయగా ఉండగానే లారీలెక్కి వెళ్లిపోతుంది. రసాలు మాత్రం కొన్ని ఇంటికి తెచ్చి, వెనక గదిలో వరిగడ్డి పరిచి మాగవేసి, ఏళ్ల తరబడి మా దగ్గరే కొనేవాళ్లకి ఇస్తాను. మందులు చల్లి రాత్రికి రాత్రి పసుపు రంగు తెప్పించే పని మా ఇంటావంటా లేదు. ముచ్చిక దగ్గర వాసన చూసి, "ఈ వరస రేపు తినండి, ఆ కిందవి ఎల్లుండి సాయంత్రం" అని చెప్పి పంపిస్తాను. చెప్పిన రోజుకి ముందే కోసుకుని, పుల్లగా ఉన్నాయని ఫోన్ చేసి, నా చేత చీవాట్లు తిన్నవాళ్లు కూడా ఉన్నారు. ఈ పనిలో మిగిలేది తక్కువ, కానీ బజార్లో నాకున్న పేరంతా దీని వల్లే.

విజయవాడలో డాక్టరు దగ్గరికి వెళ్లాం. లోపల నరం దెబ్బతిందన్నాడు. తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు, ఓపిక పట్టాలి అన్నాడు. ఎన్నాళ్లని అడిగితే చెప్పలేనన్నాడు. మందేమైనా రాస్తాడేమోనని చూస్తే, రాసింది రక్తపరీక్షలు. ఆ పరీక్షల్లో కొవ్వు ఎక్కువుందని తేలింది. నూనె వస్తువులు, అప్పడాలు, చిప్స్ పూర్తిగా మానేయాలని చెప్పాడు. వెళ్లిన పని కాలేదు సరికదా, ఉన్నది కూడా పోయింది.

ఉన్నది అని ఎందుకంటున్నానంటే, వాసన పోయాక నాకు తిండిలో మిగిలింది కరకరలాడటం ఒక్కటే. ఉప్పు, పులుపు, కారం, తీపి, చేదు నాలుకకు తెలుస్తాయి. అంతకుమించి ఏమీ తెలియదు. గోంగూర పచ్చడి ఒట్టి పులుపు. పప్పుచారు వేడిగా గొంతు దిగుతుంది, అంతే. పాయసం తియ్యటి జిగురు. ఇంత బతుకూ బతికి అన్నం ముందు కూర్చుంటే నాకు ఏడుపొచ్చేది, ఏడవలేక కంచం తోసేసి లేచేవాణ్ణి. చిప్స్ ఒక్కటీ అలా కాదు. పంటి కింద విరుగుతాయి, చెవికి వినిపిస్తాయి, నోట్లో ఏదో జరుగుతోందని తెలుస్తుంది. షాపులో ప్యాకెట్లు కొని స్కూటర్ డిక్కీలో దాచుకుని తినేవాణ్ణి. డాక్టరు చెప్పాక, ఇంటికి రాగానే మా ఆవిడ మొట్టమొదట ఆ డిక్కీ ఖాళీ చేసింది.

ఆ రోజు విజయవాడ నుంచి తిరిగి వచ్చేటప్పుడు హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి, నూజివీడు బస్సు కోసం నిలబడ్డాం. ఎదురుగా ఇంటి సామాన్ల షాపు ఉంది. "ఇక్కడే ఉండండి" అని చెప్పి ఆవిడ రోడ్డు దాటి వెళ్లింది. వెళ్లిన మనిషి ఎంతకీ రాదు. ఒక బస్సు వెళ్లిపోయింది. నేను కోపంతో ఊగిపోతుండగా పెద్ద అట్టపెట్టె చంకనేసుకుని వచ్చింది. "నూనె లేకుండా చిప్స్ అవుతాయంటండీ" అంది. నూనె లేకుండా చిప్స్ అయితే నీళ్లు లేకుండా పులుసు కూడా అవుతుంది అన్నాను. బస్సులో నూజివీడు దాకా ఆ పెట్టెని ఆవిడ ఒళ్లోనే పెట్టుకుంది, నన్ను పట్టుకోనివ్వలేదు.

ఆ ఎయిర్ ఫ్రైయర్ మిషన్‌తో ఆవిడ పడిన అవస్థ చూసి నాకే జాలేసింది. మొదటిసారి ముక్కలు మెత్తగా, తోలు ముక్కల్లా వచ్చాయి. రెండోసారి సన్నగా గీసి వేస్తే, లోపల ఫ్యాను గాలికి అవి ఎగిరి పైన కాలే కమ్మీకి అతుక్కుని మాడిపోయాయి. మూత తీస్తే పొగ. పొగ వచ్చిందని నాకు కళ్లు మండితేనే తెలిసింది. మే నెల రాకముందే మా వీధిలో ఓల్టేజీ పడిపోతుంది కాబట్టి, కొన్నిసార్లు మిషన్ మూలుగుతూ తిరిగేది, ముక్కలు కాలకుండా ఎండిపోయేవి. ఎందుకొచ్చిన గోల, వదిలెయ్ అన్నాను. ఆవిడ వదల్లేదు. ఫోన్లో వీడియోలు చూసింది, ఎదురింటావిణ్ణి అడిగింది, తన బుర్ర కొంత ఉపయోగించింది.

చివరికి ఒక పద్ధతి కుదిరింది. చక్రాలుగా గీసిన ముక్కల్ని చల్లటి నీళ్లలో వేసి, నీళ్లు తెల్లబడితే వంపేసి మళ్లీ పోసి, ఆ గంజి అంతా పోయాక పాత నూలు చీర మీద ఆరబెట్టేది. తడి లేకుండా అద్ది, ఒక్క చెంచా నూనె, చిటికెడు ఉప్పు, కాస్త బియ్యప్పిండి పట్టించేది. ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, ఎగరకుండా పైన చిన్న ఇనుప జాలీ బోర్లించేది. సగంలో ఒకసారి తీసి తిరగేసేది. ఒక వాయికి గుప్పెడు కూడా రావు. ఆ గుప్పెడు కోసం సాయంత్రమంతా వంటింట్లో నిలబడేది.

అలా కుదిరిన రోజు పళ్లెంలో పెట్టి తెచ్చి నా ముందు పెట్టి, తను తినకుండా నిలబడి చూసింది. ఒకటి నోట్లో వేసుకుని కొరికాను. టక్కుమని విరిగింది. వీధి గుమ్మం దాకా వినిపించిందని ఆవిడ తర్వాత వేళాకోళం చేసింది. బాగుందని చెప్పబోయి ఇంకొకటి నోట్లో వేసుకున్నాను. అలా పళ్లెం ఖాళీ చేశాను. ఆ రోజు నుంచి సాయంత్రం నాలుగు చిప్స్ తింటేనే నాకు రాత్రి రెండు ముద్దలు దిగేవి.

ఈలోగా మామిడి సీజన్ వచ్చిపడింది. ఎలా గట్టెక్కుతానా అని బెంగ. తోటలో కాయ కొనడానికి ముక్కుతో పని లేదు, కళ్లు చాలు. మాగవేసిన పండు దగ్గరే అసలు సంగతి. చూపుడు వేలితో భుజం దగ్గర నొక్కి చూడటం, రంగు చూడటం, గడ్డిలో చెయ్యి పెట్టి వేడి చూడటం మొదలుపెట్టాను. అలవాటు కొద్దీ పండుని ముక్కు దగ్గరికి కూడా తీసుకెళ్లేవాణ్ణి, చూసేవాళ్లకి అనుమానం రాకుండా. ఎవరికీ తెలియలేదు. బుట్టలు వెళ్లాయి, తిడుతూ ఒక్క ఫోన్ రాలేదు. గదిలో పండు ఒక్కటి కుళ్లలేదు. ముక్కున్న రోజుల్లో కూడా ఒకటో రెండో చెడిపోయి చీమలు పట్టేవి. ఈసారి అదీ లేదు.

"చూశావా, ముక్కు పోయినా వేళ్లున్నాయి" అని మా ఆవిడతో గొప్పగా అన్నాను.

"ఊఁ" అంది ఆవిడ, దుంపల తొక్క తీస్తూ.

దుంపల సంగతి చెప్పాలి. చిప్స్ రోజువారీ అయ్యాక బంగాళాదుంపలు బస్తాతో కొన్నాం. వంటింట్లో వేడికి మెత్తబడుతున్నాయంటే, వెనక మామిడి గదిలో పెట్టమన్నాను. చీకటిగా ఉంటుంది, గాలాడుతుంది, నేలంతా పొడి గడ్డి. మా ఇంట్లో అంతకంటే మంచి చోటు లేదు. మా వృత్తిలో ఉన్నవాడికి ఏ వస్తువు దాచాలన్నా గుర్తొచ్చేది గడ్డి పరిచిన గదే. "పళ్ల పక్కన వద్దేమోనండీ" అని ఆవిడ నసిగింది. గదుల గురించి, గడ్డి గురించి నాకు చెబుతున్నావా అని కసిరాను. బస్తా నేనే ఈడ్చుకెళ్లి రసాల వరస పక్కన పెట్టాను.

వారం తిరగకుండా చిప్స్ రంగు మారింది. ఎంత జాగ్రత్తగా కాల్చినా అంచులు ముదురు గోధుమ రంగుకి తిరిగేవి. తింటే కాస్త తియ్యగా తగిలేవి. పంచదార వేశావా అని అడిగాను. "దుంపలే అలా ఉన్నాయండీ" అని గిన్నె కడగటానికి అటు తిరిగింది. కరకరమంటున్నాయి కదా, నాకు అది చాలు. తను కూడా నా పక్కన కూర్చుని ఒకటో రెండో తినేది. సాయంత్రాలు అలా బాగానే గడిచాయి. నాకు కాస్త ధైర్యం కూడా వచ్చింది, ఇలాగే నెట్టుకురావచ్చని.

ఒక మధ్యాహ్నం మాస్టారు వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు, హనుమాన్ జంక్షన్ నుంచి ప్రతి ఏడూ వచ్చి చుట్టాలకని రసాల బుట్టలు పట్టుకెళతారు. మా నాన్న హయాం నుంచి ఉన్న బేరం. తిండి దగ్గర మహా పట్టింపు మనిషి. నేను బుట్టలు సర్దుతుంటే మా ఆవిడ మంచినీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లింది. నేనే వంటింట్లోంచి చిప్స్ డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను. కొత్త మిషన్, చెంచా నూనెతో అయిపోతాయి, తిని చూడండి అని గొప్పలు పోయాను.

ఆయన ఒకటి తీసి నోటి దాకా తీసుకెళ్లి ఆగారు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. కొరికారు, నమిలారు. మళ్లీ డబ్బాలోకి చూశారు.

"ఇదేంటయ్యా షావుకారూ, బంగాళాదుంప చిప్స్ పులిసిన మామిడిపండు వాసనొస్తున్నాయి?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"వేళాకోళం కాదయ్యా. పళ్ల రసం కారిన చోట పెట్టుంటారు దుంపల్ని. డబ్బా మూత తీయగానే కొట్టింది వాసన. అవునూ, నీకు తెలియకుండా ఎలా ఉంది?"

నేను వంటింటి గుమ్మం వైపు చూశాను. మా ఆవిడ తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదు. అప్పుడు నాకు అర్థమైంది, ఈ సంగతి ఆవిడకి ముందే తెలుసని. ఇప్పుడే వస్తానని మాస్టారితో చెప్పి వెనక గదిలోకి వెళ్లాను. ఆవిడ నా వెనకే వచ్చింది.

లైటు వేసి బస్తా పక్కకి జరిపాను. అడుగున గోనె నల్లగా, అట్టకట్టి ఉంది. ఏదో పండు చితికి, ఆ రసం ఇంకి ఎండిపోయిన మరక. చుట్టూ గడ్డి చూశాను. పాత గడ్డి ముదురు రంగుకి తిరుగుతుంది. మూలన, మధ్య వరసల్లో అక్కడక్కడా లేత పసుపు గడ్డి కనిపించింది. నేను పరిచింది కాదు. అన్ని రోజులుగా ఆ గదిలోకి రోజుకి పదిసార్లు వెళుతూ, కళ్లతో చూసే చేస్తున్నానని చెప్పుకుంటూ, నేను ఆ గడ్డిని చూడలేదు.

"ఈ గడ్డి ఎవరు మార్చారు?"

"నేనేనండీ. మీరు తోటకి వెళ్లినప్పుడు."

"ఎందుకు?"

"కుళ్లినవి తీసేటప్పుడు కింద తడి ఉంటుంది కదండీ."

"కుళ్లినవి ఉన్నాయా?"

ఆవిడ కిందికి చూసింది. "ఉండవాండీ మరి. వంటింటి దాకా వాసనొచ్చేది."

"బుట్టలకి పెట్టినవి?"

"మీరు సర్దాక ఒకసారి చూసేదాన్ని. మరీ పండిపోయినవి తీసేసి వేరేవి పెట్టేదాన్ని."

ఒక్క ఫోన్ రాకపోవడానికి కారణం నా వేళ్లు కాదు. సీజనంతా ఆవిడ నా వెనకాలే వచ్చి, నేను చేసిన పనంతా మళ్లీ చేసి, నా మొహం చూస్తూ "ఊఁ" అని ఊరుకుంది. కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

"చెప్పొచ్చు కదా నాకు" అన్నాను.

"ఏమని చెప్పనండీ?"

బస్తా మూతి విప్పి ఒక దుంప చేతిలోకి తీసుకున్నాను.

"పోనీ దుంపల సంగతైనా చెప్పొచ్చు కదా. ఆ కంపు కొట్టే చిప్స్ నా చేత తినిపించావు."

"అదొక్కటే కదండీ మీరు తినేది" అంది ఆవిడ. "బస్తా మారిస్తే ఎందుకని అడుగుతారు. వాసనొస్తోందని చెబితే ఇక అవీ ముట్టుకోరు. కడిగి, ఎంతసేపు నానబెట్టినా పోలేదు. మీరు బాగున్నాయంటున్నారు కదా అని ఊరుకున్నాను."

"మరి నువ్వెలా తిన్నావు?"

"మీ పక్కన కూర్చుని ఎలాగో తిన్నాను."

ముందు గదిలోంచి మాస్టారు కేకేశారు. "బస్సు టైమవుతోందయ్యా. ఏ బుట్ట ఎప్పుడు తినాలో చెప్పేస్తే నేను బయల్దేరతాను."

ముందుకి వచ్చాను. పై వరసలోంచి ఒక రసం చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలు ముచ్చిక మీదికి దానంతటదే వెళ్లింది. మాస్టారు నా ముక్కు వైపే చూస్తున్నారు, ప్రతి ఏడూ చూసినట్టే. ఎల్లుండి అనేస్తే అయిపోతుంది. నమ్మి పట్టుకెళతారు. పండు మా ఆవిడ చేతిలో పెట్టాను.

"నువ్వు చెప్పు" అన్నాను.

ఆవిడ నా వైపు, మాస్టారి వైపు చూసింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని, పండు దగ్గరగా పెట్టుకుని వాసన చూసింది. "రేపు రాత్రికండీ. లేకపోతే ఎల్లుండి పొద్దున. అంతకంటే ఆగవు" అంది మెల్లిగా.

"నాకు వాసన తెలియడం లేదు మాస్టారూ. చలికాలం నుంచి" అన్నాను. డాక్టరుతో తప్ప బయటి మనిషితో ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఆయన చేతిలో సగం కొరికిన చిప్ ఉంది, దాన్ని నోట్లో వేసుకుని నమిలి మింగేశారు. తర్వాత రెండో బుట్ట ముందుకి జరిపి, "మరి ఇవి ఎప్పటికమ్మా?" అని మా ఆవిణ్ణి అడిగారు. మర్యాదగానే అడిగారు. నేను ఆ పక్కనే ఉన్నాను. ఆవిడ ఒక్కో పండూ తీసి చూసి చెబుతుంటే ఆయన తల ఊపుతూ విన్నారు. నేను బుట్టలకి తాడు కట్టాను, ఆటో పిలిచాను, ఎక్కించాను. ఆవిడ చెప్పింది సరైన రోజేనా కాదా అన్నది తెలుసుకునే దారి నాకు లేదు.

ఆటో వెళ్లాక లోపలికి వచ్చి కూర్చున్నాం. ఆ మొదటి పండు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది, బుట్టలో పెట్టడం మరిచిపోయింది.

"ఎలా ఉంది వాసన?" అని అడిగాను.

పాపం, చెప్పాలనే ప్రయత్నించింది. కళ్లు మూసుకుని చాలాసేపు వాసన చూసింది. "బాగుందండీ" అంది. నాకు అది చాలలేదని తెలిసి మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది. "తియ్యగా... అంటే తియ్యగా కాదు. ఎలా చెప్పనండీ, రసం వాసన. మీకు తెలిసిందే కదా."

తెలుసన్నట్టు తలూపాను. తెలిసిందేనని నేనూ అనుకున్నాను. ఆవిడ చేతిలో పండు వైపు చూస్తూ గుర్తు చేసుకోబోయాను. రంగు గుర్తొచ్చింది, సొన జిడ్డు గుర్తొచ్చింది, మా నాన్న పండు పట్టుకునే తీరు గుర్తొచ్చింది. వాసన ఒక్కటి ఎంతకీ రాలేదు. అది ఎలా ఉండేదన్న గుర్తు కూడా పోయిందని ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.